కాలితో వేసే ముగ్గు

వాకిట్లో ముగ్గు చేత్తో వేస్తారు. పలక మీద అంకె కూడా చేత్తోనే వేస్తారు. కానీ కాలితో సున్నా చుట్టేవాళ్ళు ఉన్నారు. కాలితో 8 అంకె వేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ బూట్ల కింద చక్రాలుంటాయి. ఈ చక్రాల బూట్లను రోలర్ స్కేట్లు అంటారు.

చలి దేశాల్లో చెరువులు గడ్డకడతాయి. అక్కడివాళ్ళు ఇనుప బద్దలున్న బూట్లు తొడుక్కుని ఆ మంచు మీద జారుతూ ఆడతారు. మరి మంచు కరిగిపోతే? మంచే లేని ఊళ్ళో అయితే? అక్కడ గచ్చు మీద, చెక్క నేల మీద జారడానికే చక్రాల బూట్లు వచ్చాయి.

అద్దం పగిలింది

1760 తర్వాత లండన్ నగరంలో మెర్లిన్ అనే ఆయన ఉండేవాడు. వాయిద్యాలు, యంత్రాలు చేయడంలో మంచి పనివాడు. ఆయన బూట్లకు చక్రాలు బిగించాడు. ఫిడేలు వాయిస్తూ ఆ బూట్లతో ఒక విందుకు వెళ్ళాడట. జారడం వచ్చింది. కానీ మలుపు తిరగడం రాలేదు, ఆగడమూ రాలేదు. నేరుగా పోయి పెద్ద అద్దానికి గుద్దుకున్నాడు. అద్దం పగిలింది. ఫిడేలు విరిగింది. ఆయనకూ దెబ్బలు తగిలాయి.

తర్వాత దాదాపు వందేళ్ళు ఇదే చిక్కు. చక్రాల బూట్లు ముందుకు బాగా పోయేవి. మలుపు తిప్పడమే కష్టం.

రబ్బరు ముక్క చేసిన మేలు

1863లో అమెరికాలోని న్యూయార్క్‌లో ప్లింప్టన్ అనే ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. బూటు కింద ముందు రెండు చక్రాలు, వెనక రెండు చక్రాలు పెట్టాడు. బండికి ఉన్నట్టే వీటికీ ఇరుసులుంటాయి. బూటు పలకకూ ఇరుసుకూ మధ్య రబ్బరు ముక్క పెట్టాడు.

దీంతో ఏమైంది? మనిషి కుడి పక్కకు వాలితే రబ్బరు ఆ పక్క నొక్కుకుంటుంది. ఇరుసులు కొద్దిగా తిరుగుతాయి. బూటు కుడి పక్కకు మలుపు తిరుగుతుంది. ఎడమకు వాలితే ఎడమకు తిరుగుతుంది. సైకిల్ తొక్కేవాళ్ళు మలుపులో కాస్త వాలతారు కదా! ఇదీ అలాంటిదే.

ఆ రోజుల్లో అక్కడ ఆడవాళ్ళు ఆడే ఆటలు తక్కువ. మగవాళ్ళతో కలిసి ఆడేవి ఇంకా తక్కువ. స్కేటింగ్ గదులకు మాత్రం ఆడవాళ్ళూ వెళ్ళారు. పాదాల దాకా ఉండే గౌన్లతోనే నేర్చుకున్నారు.

8 అంకె ఎలా వేస్తారు?

నేల మీద రెండు పెద్ద సున్నాలు పక్కపక్కనే, ఒకదాన్నొకటి తాకేలా గీస్తారు. ఒక్కో సున్నా అడ్డంగా 6 మీటర్లు ఉంటుంది. రెండు సున్నాలు కలిసే చోట మనిషి నిలబడాలి. కుడి కాలి మీద బరువు వేసి, కుడికి వాలి, మొదటి సున్నా చుట్టాలి. ఎడమ కాలు నేలకు తగలకూడదు. బయలుదేరిన చోటికి రాగానే కాలు మార్చాలి. ఎడమ కాలి మీద ఎడమకు వాలి రెండో సున్నా చుట్టాలి. 8 పూర్తవుతుంది. గీత తప్పకూడదు. చక్రం గీత మీద పోతోందా లేదా అని పోటీలో పెద్దలు దగ్గరగా చూస్తారు.

ఇది వేగం ఆట కాదు. ఓపిక ఆట. గీత మీద తిరగడం వచ్చాక ఎగరడం, గిరగిరా తిరగడం, పాటకు తగ్గట్టు ఆడటం నేర్పుతారు.

పడటమూ నేర్చుకోవాలి

కొత్తవాళ్ళు నిటారుగా బిగుసుకుని నిలబడతారు. అందుకే పడతారు. మోకాళ్ళు కొంచెం వంచాలి. చూపు కాళ్ళ మీద కాదు, ముందుకు ఉండాలి. పడబోతున్నామని తెలిస్తే ఇంకా కిందికి వంగి, పక్కకు కూలబడాలి. చేతులు చాచి నేలకు ఆనిస్తే మణికట్టు విరగవచ్చు. తలకు టోపీ, మోకాళ్ళకు, మోచేతులకు, మణికట్లకు తొడుగులు తప్పనిసరి.

అన్నిటికన్నా కష్టం వాలడం. వాలితే పడిపోతామని భయం. కానీ వాలకపోతే బూటు మలుపు తిరగదు. కొద్దికొద్దిగా వాలుతూ ఉంటే భయం తగ్గుతుంది.

మన హైదరాబాదు పేరు

ఈ ఆటలో మొదటి ప్రపంచ పోటీలు 1947లో అమెరికాలోని వాషింగ్టన్‌లో జరిగాయి. 2010లో చైనాలోని గ్వాంగ్జౌలో ఆసియా క్రీడలు జరిగాయి. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామా అక్కడ రెండు కంచు పతకాలు గెలిచాడు. ఒకటి ఒంటరిగా ఆడి గెలిచాడు. రెండోది అవని పంచాల్ అనే అమ్మాయితో జంటగా ఆడి గెలిచాడు. 2015 సంవత్సరానికి ఆయనకు అర్జున అవార్డు వచ్చింది.

చెప్పండి

1. మెర్లిన్ అద్దానికి ఎందుకు గుద్దుకున్నాడు?
2. రబ్బరు ముక్క వల్ల ఏం మేలు జరిగింది?
3. పడేటప్పుడు చేతులు ఎందుకు ఆనించకూడదు?

చేయండి

పలక మీద చేయి ఎత్తకుండా 8 అంకె వేయండి. అదే గీత మీద పది సార్లు దిద్దండి. ఎన్నిసార్లు గీత తప్పిందో లెక్క రాయండి.