నేతిగిన్నెలో తమలపాకు, ముసలితనానికి మాత్రలు

వెన్న కాచేటప్పుడు మన ఇళ్ళలో ఒక తమలపాకో, కాస్త మునగాకో, రెండు కరివేపాకు రెమ్మలో వేస్తారు. మంచి వాసనకోసం అనుకుంటాము. వాసన ఒక్కటే కాదు, ఆకు వేసి కాచిన నెయ్యి తొందరగా ముక్కిపోదు. పాడి పరిశోధకులు పరీక్షించి ఇది నిజమేనని తేల్చారు కూడా.

నెయ్యి ముక్కిపోవడానికి ముఖ్యకారణం గాలిలోని ప్రాణవాయువు. అది కొవ్వుతో కలిసేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే నిలకడలేని కణాలు పుడతాయి. ఒకటి పక్కదాన్ని చెరుపుతుంది, చెడినది ఇంకొకదాన్ని చెరుపుతుంది. ఎండ, వేడి, కళాయి పోయిన రాగి, ఇత్తడి పాత్రలు ఈ పనిని మరింత త్వరపెడతాయి. ఆకులోని కొన్ని పదార్థాలు ఆ చెరుపును తమమీద వేసుకొని గొలుసును తెంచుతాయి. వాటినే యాంటీఆక్సిడెంట్లు అంటారు. 'ఇ' విటమిను, కెరోటిను ఈ జాతివే.

నెయ్యిలాగే మనిషి ఒళ్ళు కూడా ముక్కిపోతుందా? అమెరికాలో డెన్హామ్ హర్మన్ అనే ఆయన 1956లో ఇంచుమించు ఈ మాటే అన్నాడు. ఆయన మొదట పెట్రోలు కంపెనీలో రసాయన శాస్త్రజ్ఞుడు, తర్వాత వైద్యం చదివాడు. మనం పీల్చే ప్రాణవాయువువల్లనే ఒంట్లో ఫ్రీ రాడికల్స్ పుడతాయనీ, అవి చేసే చెరుపు ఏళ్ళతరబడి పేరుకొని ముసలితనం వస్తుందనీ ఆయన వాదం. వినడానికి సబబుగానే ఉంది. అక్కడినుంచి మాత్రల వ్యాపారం మొదలైంది.

పాలబిల్లు చేతికందగానే యవ్వనం నిలిపే మాత్రలు కొనవచ్చునా అని సభ్యులు కొందరు మమ్మల్ని అడుగుతున్నారు. వారికోసమే ఇది వ్రాస్తున్నాము. ముఖ్యంగా బీడీ, చుట్ట కాల్చేవారు శ్రద్ధగా చదవాలి.

ఫిన్లాండు దేశంలో పొగతాగే మగవారు 29,133 మందిని, 50 నుంచి 69 ఏళ్ళ వయసువారిని తీసుకొని 5 నుంచి 8 ఏళ్ళపాటు పరీక్ష జరిపారు. కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిను, కొందరికి 'ఇ' విటమిను, కొందరికి రెండూ, కొందరికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఊపిరితిత్తుల కాన్సరు తగ్గుతుందని వారి ఆశ. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిను తీసుకున్నవారిలో ఆ కాన్సరు 18 శాతం ఎక్కువైంది, మరణాలు 8 శాతం ఎక్కువయ్యాయి. 'ఇ' విటమిను ఆ కాన్సరును తగ్గించలేదు. అమెరికాలో బీటా కెరోటినుకు 'ఎ' విటమిను జోడించి చేస్తున్న ఇటువంటి పరీక్షలోనూ కీడే కనబడగా, 1996లో దానిని మధ్యలోనే ఆపివేశారు.

ఎందుకిలా జరిగింది? మన ఒళ్ళు గిన్నెలో నెయ్యి కాదు. అది తన యాంటీఆక్సిడెంట్లను తానే కొన్ని తయారుచేసుకుంటుంది. పైగా ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులు కావు. రక్తంలోని తెల్లకణాలు రోగక్రిములను చంపేది వాటితోనే.

ఇది విని ఆకుకూరలు మానవద్దు. ఆ పరీక్షలు మాత్రలమీద చేసినవి, తోటకూర పప్పుమీద కాదు. ఆవునెయ్యి పసుపు రంగు కెరోటినువల్ల వచ్చినదే. గేదె తన మేతలోని కెరోటినును 'ఎ' విటమినుగా మార్చి పాలలోకి పంపుతుంది కనుక దాని నెయ్యి తెల్లగా ఉంటుంది. అంతమాత్రాన తక్కువదనుకోనక్కరలేదు. బీడీ కాల్చేవారికి ఏ మాత్రా బీడీ మానడానికి సాటిరాదు.

పశువుల సంగతి కొంత వేరు. పచ్చిమేతలో 'ఇ' విటమిను బాగా ఉంటుంది, ఎండుగడ్డిలో చాలావరకు పోతుంది. ఒట్టి వరిగడ్డి తిన్న చూడిపశువులకు 'ఇ' విటమిను, సెలీనియం లోటుపడితే ఈనిన తర్వాత మాయ పడకపోవడం, పొదుగువాపు ఎక్కువగా కనబడతాయి. అటువంటప్పుడు వాటిని అందిస్తే మేలు జరుగుతుంది. కాని సెలీనియం కాస్త మోతాదు మించినా విషమే. ఈనడానికి నెల, రెండు నెలల ముందునుంచి రోజూ పచ్చిమేత వేయండి. ఇంజెక్షను మాత్రం పశువైద్యుడు పశువును చూసి చెబితేనే వేయించండి.