దువార్తె పషెకు: నియంత కొలువులో ఇంజినీరు



దువార్తె పషెకు 1900లో పోర్చుగల్ దక్షిణ ప్రాంతమైన అల్గార్వెలో, లోలె పట్టణంలో పుట్టాడు. లిస్బన్‌లోని ఉన్నత సాంకేతిక విద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి 1923లో పట్టా పుచ్చుకున్నాడు. అక్కడే పాఠాలు చెబుతూ ముప్ఫై ఏళ్లు నిండకముందే ఆ సంస్థకు డైరెక్టరయ్యాడు. అది అప్పుడు ఇరుకు కట్టడాల్లో నడిచేది. దానికి ఊరంచు గుట్ట మీద కొత్త ప్రాంగణం వెలిసింది. నమూనా గీసినవాడు వాస్తుశిల్పి పర్దాల్ మొంతైరు, వెంటపడి కట్టించినవాడు పషెకు.

1926 మే 28న సైన్యం తిరగబడి గణతంత్రాన్ని కూలదోసింది. 1928లో పషెకు కొన్ని నెలలపాటు విద్యామంత్రిగా ఉన్నాడు. కొయింబ్రా విశ్వవిద్యాలయ ఆచార్యుడు సలజార్‌ను ఆర్థిక మంత్రిగా రమ్మని ఒప్పించేందుకు వెళ్లింది ఆయనే. ఆ ఆచార్యుడే 1932 జులైలో ప్రధాని అయి, పషెకుకు ప్రజాపనులు, రవాణా శాఖ అప్పగించాడు. మరుసటి ఏడు కొత్త రాజ్యాంగం వచ్చింది. పత్రికలకు సెన్సారు, ప్రతిపక్షానికి రహస్య పోలీసులు. అప్పులంటే గిట్టని సలజార్ ఖజానా తాళం తన దగ్గరే ఉంచుకున్నాడు. అటువంటి ప్రభుత్వంలో ఖర్చుపెట్టే శాఖను నడపడం తేలిక కాదు. 1936 జనవరిలో పషెకు పదవి పోయింది.

రెండేళ్లకు, 1938లో, లిస్బన్ నగరపాలక సంస్థ అధ్యక్షుడిగా తిరిగి వచ్చాడు. ఓట్లతో కాదు, నియామకంతో. ఆ మే నెలలోనే మళ్లీ మంత్రి అయ్యాడు. ఊరికి కావలసిన పనీ, దానికి అనుమతీ ఒకే చేతిలోకి వచ్చాయి.

ఆయన అసలు పనిముట్టు సిమెంటు కాదు, భూసేకరణ చట్టం. పట్టణాలు అభివృద్ధి ప్రణాళిక వేసుకోవాలని 1934లోనే శాసనం చేయించాడు. 1938 నాటి చట్టం సేకరణను వేగవంతం చేసింది. శివారు పొలాలను నగరం ముందుగా తీసుకుంటుంది. రోడ్లు, నీళ్లు, మురుగుకాల్వలు వేస్తుంది. ఆపైన ప్లాట్లు అమ్ముతుంది. పెరిగిన విలువ నగరానికి దక్కుతుంది. పద్ధతిలో తెలివి ఉంది, కాదనలేం. కానీ భూమి పోయినవాడు గట్టిగా అడిగే సభా లేదు, రాసే పత్రికా లేదు. పషెకు వేగాన్ని మెచ్చుకునేవారు ఈ లెక్కను తరచూ వదిలేస్తారు.

మొన్‌సాంతు కొండల మీద అడవి పెంపకం, కష్కాయిష్ దాకా తీరం వెంట రోడ్డు, 1942లో తెరుచుకున్న పోర్తెల విమానాశ్రయం ఆ కాలపు పనులే. 1940లో బెలేంలో పోర్చుగీసు ప్రపంచ ప్రదర్శన జరిగింది. బయట యుద్ధం నడుస్తుంటే ఇక్కడ సామ్రాజ్య వైభవాన్ని ప్లాస్టరుతో నిలబెట్టారు. దాని కోసం చుట్టుపక్కల పాత ఇళ్లు కొన్ని కూల్చారు. మంటపాల్లో ఎక్కువ భాగం తాత్కాలికమే.

1943 నవంబరు 15న విలా విసోజాలో పనులు చూసి లిస్బన్‌కు తిరిగి వస్తుండగా, వెందష్ నోవష్ దగ్గర ఆయన కారు ప్రమాదానికి గురైంది. మర్నాడు సెతూబల్‌లో చనిపోయాడు. వయసు 43.

జాతీయ స్టేడియమూ, అక్కడికి వెళ్లే మోటారు రహదారీ, అల్కాంతరా లోయ మీది వంతెనా 1944లో పూర్తయ్యాయి. వంతెనకు ఆయన పేరే పెట్టారు. సేకరించి ఉంచిన భూముల్లో ఆల్వలాదె పేట నిర్మాణం ఆ తర్వాత మొదలైంది. దాని ప్రణాళికకు 1945లో ఆమోదం దక్కింది.