కొలువు పోయిన నాడు: శ్రీనాథుడు, గాలిబ్ నేర్పే పాఠం

కూటి కొరకు కోటి విద్యలన్నారు పెద్దలు. కోటి విద్యలూ నేర్చినవానికి సైతం ఒకనాడు కూడు కరవు కావచ్చునని చరిత్ర చెబుతున్నది. విద్యార్థులు ఉద్యోగం సంపాదించే మార్గాన్ని గురించి ఎన్నో ఉపన్యాసాలు వింటారు. చేతనున్న ఉద్యోగం హఠాత్తుగా పోతే ఏమి చేయాలో చెప్పేవారు అరుదు. మన కళాశాలలో సోదరభాషలుగా వెలుగుతున్న తెలుగు, ఉర్దూ సాహిత్యాల నుండి చెరొక మహాకవిని తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

శ్రీనాథుడు

నరసరావుపేటకు తూర్పున కనిపించే కొండవీటి కొండలు ఒకప్పుడు రెడ్డిరాజుల రాజధానికి కోటలు. అక్కడ పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో శ్రీనాథుడు విద్యాధికారి. పండితులను పరీక్షించి సత్కారాలు నిర్ణయించే గౌరవ పదవి అది. వేమారెడ్డి మరణానంతరం కొన్ని ఏండ్లకే, 1424 ప్రాంతంలో, కొండవీటి రాజ్యం అంతరించింది. కవి చేసిన అపరాధం ఏదీ లేదు. ఆయన పాండిత్యంలో లోపమూ లేదు. కొలువు ఇచ్చిన రాజ్యమే లేకపోయింది.

అప్పటికి ఆయన నడివయస్సు దాటినవాడు. గతవైభవాన్ని తలచుకొంటూ కొండవీడులోనే కూర్చుండక దేశాంతరం పోయాడు. విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి, అతని కంచుఢక్కను పగులగొట్టించి, కనకాభిషేకం పొందాడు. పిమ్మట రాజమహేంద్రవరం చేరి, వీరభద్రారెడ్డికి కాశీఖండాన్ని అంకితం చేశాడు. భీమఖండాన్ని మంత్రి బెండపూడి అన్నయకు అంకితమిచ్చాడు. ఈ అన్నయమంత్రి పారసీ మొదలైన పలు భాషలు ఎరిగినవాడని కవియే వర్ణించాడు. ఒకటికి మించిన భాషలు రావడం ఆనాడు కూడా జీవికకు అండగా ఉండేదని మన విద్యార్థులు గమనించాలి.

అయితే ఈ కథను విజయగాథగా మాత్రమే చెప్పడం న్యాయం కాదు. వార్ధక్యంలో శ్రీనాథుడు కృష్ణాతీరాన బొడ్డుపల్లిని గుత్తకు తీసుకొన్నాడనీ, వరద పైరును ముంచిందనీ, ఏడువందల టంకాలు చెల్లించలేక నడివీధిలో శిక్ష అనుభవించాడనీ చాటుపద్యాల సంప్రదాయం చెబుతున్నది. ప్రతిభ ఉన్నంతమాత్రాన భద్రత ఉండదు. తెలియని వ్యవసాయంలో, అప్పటి అవసరం కొద్దీ, మోయలేని బాధ్యతను తలకెత్తుకోవడం ఎంతటివానినైనా కృంగదీస్తుంది. ఉద్యోగం పోయినవాడు తొందరపడి అప్పుచేసి వ్యాపారం మొదలుపెట్టే ముందు ఈ కథను ఒకసారి తలచుకోవాలి.

గాలిబ్

మీర్జా గాలిబ్ 1850లో మొగలు చక్రవర్తి బహదూర్ షా జఫర్ ఆస్థానంలో చరిత్ర రచనకు నెలకు 50 రూపాయల వేతనంపై నియుక్తుడయ్యాడు. 1854లో చక్రవర్తికి కవితాగురువైనాడు. 1857 తిరుగుబాటు అణచివేతతో ఆ దర్బారే లేకుండా పోయింది. ఆంగ్లేయుల నుండి సాలుకు 750 రూపాయల చొప్పున వస్తున్న కుటుంబ పింఛను కూడా ఆగిపోయింది. ఇంట్లోని వస్త్రాలు అమ్ముకొని కాలం గడపవలసి వచ్చింది.

ఆయన మూడు పనులు చేశాడు. మొదటిది, పింఛను పునరుద్ధరణకై అభ్యర్థనలు మానలేదు. రెండవది, తెలిసినవారి సహాయాన్ని స్వీకరించడానికి సిగ్గుపడలేదు. 1859 నుండి రాంపూరు నవాబు నెలకు 100 రూపాయలు పంపసాగాడు. మూడవది, కలం విడువలేదు. ఆ దుర్దినాలలో మిత్రులకు వ్రాసిన ఉత్తరాలు ఉర్దూ వచనానికే కొత్త నడక నేర్పినవి. 1860లో పింఛను తిరిగి వచ్చింది. దర్బారు తిరిగి రాలేదు. అయినా ఆ ఉత్తరాలు నేటికీ నిలిచి ఉన్నాయి.

హక్కు కోరడం అవమానం కాదు

1983 ఫిబ్రవరి 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించింది. ఇరవై రోజులు తిరిగేసరికి 18,000 మందికి పైగా ప్రభుత్వోద్యోగులు ఇంటిదారి పట్టారు. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు నడుమ ఉండగానే జీతం ఆగింది. న్యాయస్థానంలో మొదటి తీర్పు వారికి అనుకూలంగా రాలేదు. 1984లో వయస్సు మరల 58 అయింది. 1985లో సుప్రీంకోర్టు, అప్పటికి 58 నిండని వారిని తిరిగి కొలువులోకి తీసుకోవాలని తీర్పు చెప్పింది. నియామక పత్రం, జీతపు రసీదులు భద్రపరచుకొన్నవాడే తన హక్కును నిరూపించుకోగలడు.

స్వానుభవం

ఈ వ్యాసకర్తకు ఇది గ్రంథజ్ఞానం మాత్రమే కాదు. 2020 మార్చిలో దేశమంతా మూతపడినప్పుడు నేను వేరొక పట్టణంలోని ప్రైవేటు కళాశాలలో తెలుగు బోధించేవాడిని. జూన్ నాటికి జీతం లేదు, పిమ్మట పని కూడా లేదన్నారు. ఇంట్లో చెప్పడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులే అన్నింటికంటె కష్టమైనవి. తెలిసిన తరువాత మా అమ్మ ఒకే మాట అన్నది: “పోయింది జీతమే గదా నాయనా, చదువు పోలేదు గదా!”

మరుసటి వారం నుండి ఒక మిరపకాయల వ్యాపారి వద్ద లెక్కలు వ్రాశాను. సాయంకాలం ఇద్దరు ముగ్గురు పిల్లలకు పాఠాలు చెప్పాను. తెలుగు, ఉర్దూ రెండూ వచ్చుట చేత ఇరుగుపొరుగువారికి అర్జీలు వ్రాసిపెట్టాను. పది నెలల తరువాత మరల తరగతి గదిలో అడుగుపెట్టినప్పుడు, వెనుక బెంచీలో మౌనంగా కూర్చున్న విద్యార్థి ఇంట్లో ఏమి జరుగుతున్నదో ఊహించడం నేర్చుకొన్నానని తెలిసింది.

విద్యార్థులారా! మీలో కొందరి తండ్రులు నాపరాళ్ళ గనుల్లో, సున్నపు బట్టీల్లో, పత్తి మిల్లుల్లో పనిచేస్తున్నారు. ఆ పని ఏనాడు ఆగుతుందో వారికే తెలియదు. అట్టి రోజు వస్తే దాచకండి. ఇంట్లో చెప్పండి, ఉపాధ్యాయునికి చెప్పండి. ఉన్న సొమ్మెంత, తీర్చవలసిన అప్పెంత అని ఆ రాత్రే కాగితంపై వ్రాసుకోండి. దొరికిన గౌరవప్రదమైన పనిని చిన్నదని త్రోసిపుచ్చకండి. కళాశాల యాజమాన్య సంఘం వారికి కూడా ఒక మనవి. ఇటువంటి ఇంటి బిడ్డ రుసుము చెల్లించలేక చదువు మానకుండా, కొద్దిపాటి సహాయనిధిని ఏర్పాటు చేయవలెనని కోరుతున్నాను.

ఓడలు బండ్లగుట, బండ్లు ఓడలగుట లోకసహజం. కొండవీటి కోట శిథిలమైనది, ఢిల్లీ దర్బారు మాసిపోయినది. ఆ రెండు కొలువులూ కోల్పోయిన కవుల మాట మాత్రం మన తరగతి గదుల్లో ఇంకా వినిపిస్తూనే ఉన్నది.