ప్రైవేట్ మెథడ్ – రిఫ్లెక్షన్

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ బెంగుళూరులో తన కేంద్రమును నెలకొల్పినది మొదలు, ప్రోగ్రాములు వ్రాయుట ఈ నగరమున ఒక ముఖ్యవృత్తి అయినది. మన విద్యార్థులలో పలువురు ఆ వృత్తిని చేపట్టవచ్చును. కావున జావా భాషలోని ఒక విషయమును ఇచట వివరింతుము.

జావాలో క్లాస్ అనగా ఒక రకపు వస్తువులకు నమూనా. ఆ వస్తువులు చేయు పనులకు మెథడ్‌లని పేరు. పబ్లిక్ మెథడ్‌ను ఇతర క్లాసులును పిలువవచ్చును. ప్రైవేట్ మెథడ్ ఆ క్లాసు సొంత వినియోగమునకే.

మార్కుల పట్టిక యను క్లాసును ఉదాహరణగా గైకొందము. అందు 'ఫలితము ప్రకటించు' పబ్లిక్. 'అదనపు మార్కులు కలుపు' ప్రైవేట్. మొదటిది, మార్కులు ఇదివరకే కలుపబడినవా యని పరిశీలించి, కలుపనిచో మాత్రమే రెండవదానిని పిలుచును. రెండవది దేనిని పరిశీలింపదు. పిలిచినంతనే ఐదు మార్కులు కలుపును.

ఒక ప్రోగ్రాము నడచుచుండగా క్లాసుల నిర్మాణమును తానే పరిశీలించుకొనుట రిఫ్లెక్షన్. దీని ద్వారా ప్రైవేట్ మెథడ్‌ను పిలుచు సౌకర్యము 1998లో వెలువడిన జావా 1.2 నుండి కలదు. ఇందు మూడు మెట్లున్నవి:

1. 'గెట్ డిక్లేర్డ్ మెథడ్' ద్వారా మెథడ్‌ను పేరుతో వెదకుట.
2. 'సెట్ యాక్సెసిబుల్' ద్వారా అడ్డు తొలగించుట.
3. 'ఇన్వోక్' ద్వారా పిలుచుట.

పరీక్షా ప్రోగ్రాములును, కొన్ని లైబ్రరీలును దీనిని వాడుచుండును. అయినను ఇందు మూడు చిక్కులు గలవు. మొదటిది, ముందు జరుగవలసిన పరిశీలన తప్పిపోవును. ఐదు మార్కులు పదియై, తప్పిన విద్యార్థి ఉత్తీర్ణుడు కావచ్చును. రెండవది, మెథడ్ పేరు మారినచో కంపైలర్ పసిగట్టలేదు. ప్రోగ్రాము నడచునపుడే దోషము బయటపడును. మూడవది, నేడు తెరచియున్న ద్వారము రేపు మూతపడవచ్చును. జావా తన సొంత లోపలి భాగములపై ఇట్టి ప్రవేశమును 2021లో వెలువడిన 16వ వెర్షన్ నుండి సాధారణముగా నిరాకరించుచున్నది. వానిపై ఆధారపడిన ప్రోగ్రాములను సవరింపవలసి వచ్చినది.

ప్రైవేట్ అను మాట తాళము కాదు. 'దీనిని మార్చు స్వేచ్ఛ నాకున్నది, మీరు దీనిపై ఆధారపడకుడు' అని రచయిత చేసిన హెచ్చరిక. కావున పబ్లిక్ మెథడ్ ద్వారానే పని నెరవేరునేమో ముందు చూడవలెను. తప్పనిసరియైనచో రిఫ్లెక్షన్‌ను ప్రోగ్రామున ఒక్కచోటనే ఉంచి, కారణమును ప్రక్కన వ్రాయవలెను.

అభ్యాసము: పై ఉదాహరణలో పరిశీలనను కూడ ప్రైవేట్ మెథడ్‌లోనికే మార్చినచో ఏ చిక్కు తొలగును? ఏవి మిగులును?