కన్నులు గల దీపములు

మహానగరమునందు నాలుగు వీథులు కలియు కూడలిని దాటుట సులభమైన పని కాదు. గుఱ్ఱపుబండ్ల కాలముననే ఈ చిక్కు మొదలైనది. లండను నగరమున పార్లమెంటు భవనము చెంత వీథి దాటువారికి ప్రాణభయము కలుగుచుండెను. జాన్ పీక్ నైట్ అను రైల్వే అధికారి దీనికొక ఉపాయము సూచించెను. 1868 డిసెంబరులో అచట ఒక స్తంభమును నిలిపిరి. పగలు దాని చేతులును, రాత్రి ఎఱ్ఱని, పచ్చని గ్యాసుదీపములును బండ్లకు సంజ్ఞ చేయుచుండెను. వానిని త్రిప్పుటకు ఒక పోలీసు నిలిచియుండెడివాడు. నెల తిరుగకముందే గ్యాసు ప్రేలి ఆ పోలీసు గాయపడెను. దీపము ఆరినది గాని, ఆ ఆలోచన ఆరలేదు. 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున విద్యుద్దీపములు వెలిగెను.

అయినను ఆ దీపములకు కన్నులు లేవు. ఒక వీథి శూన్యముగా నున్నను అటే పచ్చదీపము వెలుగుచుండును. మఱియొక వీథిలో బండ్లు బారులు తీరి వేచియుండును. వానిలో రోగిని కొనిపోవు బండి యున్నచో, ఆ నిరీక్షణకు మూల్యము ఒక ప్రాణమే కావచ్చును.

ఈ లోపమును తీర్చుటకు 1963లో కెనడాలోని టొరంటో నగరమువారు కంప్యూటరును నియోగించిరి. 1970 దశకమున ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున మఱింత నేర్పుగల పద్ధతి రూపొందినది. రోడ్డు పైపొర క్రింద తీగచుట్టలను అమర్చుదురు. వానిలో స్వల్పముగా విద్యుత్తు ప్రవహించుచుండును. బండి పైకి వచ్చినపుడు దాని లోహము వలన ఆ విద్యుత్తునందు మార్పు కలుగును. ఆ మార్పును బట్టి యంత్రము బండ్ల రద్దీని గ్రహించి, పచ్చదీపపు కాలమును పెంచుటయో తగ్గించుటయో చేయును. వరుసకూడళ్ల దీపములను జతపఱచినచో, ఒకచోట కదలిన బండ్లకు తరువాతి కూడలియందును దారి దొరకును. మాటిమాటికి ఆగుట తగ్గినచో ఇంధనము మిగులును; పొగయు తగ్గును. రోగుల బండ్లకు, బస్సులకు ముందుగా దారి యిచ్చు ఏర్పాటును పలు నగరములందు కలదు.

బండ్లను మాత్రమే లెక్కించు యంత్రము నడచువారిని మఱచును. కావున సింగపూరులో 2009లో ఒక మంచి ఏర్పాటు మొదలైనది. వృద్ధులు తమ కార్డును స్తంభముననున్న పెట్టెకు తాకించినచో, వారు మెల్లగా దాటుటకు పచ్చదీపము మఱికొన్ని సెకనులు నిలుచును. బలవంతునకే గాక బలహీనునకును దారి యిచ్చినపుడే విజ్ఞానము సార్థకమగును.

దీపమునకు కన్నులు వచ్చినవి. కాని చేతులు రాలేదు. అది ఎవ్వరిని పట్టి ఆపజాలదు. ఎఱ్ఱదీపము వెలిగినపుడు ఆగవలసినది మనుష్యుడే.