బయటివాళ్లకుండే వెసులుబాటు

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

టోక్యోలో బయటిదానిలాగే ఉందని రాశావు. ఆ దేశంలో ఉద్యోగం చేసినవాణ్ని కనుక అది కాదనను. కానీ అందులో నీకు కలిసొచ్చేదీ ఉందమ్మా.

అక్కడివాళ్లకు కంపెనీలో ఏ ఏడాది చేరారన్నదాన్ని బట్టే పెద్దాచిన్నా తేలిపోతుంది. సీనియర్ చెప్పింది తప్పని జూనియర్ పదిమందిలో అనలేడు. పని అయిపోయినా, పైవాళ్లు లేవకముందే బ్యాగు సర్దుకోవడానికి మొహమాటపడతాడు. అదే నువ్వు "ఇది ఇలాగే ఎందుకు చేస్తున్నారు?" అని అడిగితే, కొత్తపిల్ల, తెలియదులే అని సర్దుకుంటారు. పక్క సీటు కుర్రాడికీ ఆ సందేహమే ఉండొచ్చు. అడిగే వీలు మాత్రం నీకే ఎక్కువ.

కార్ల కంపెనీ నిస్సాన్ అప్పుల్లో కూరుకుపోయినప్పుడు ఏం జరిగిందో చూడు. రెనో నుంచి వచ్చిన కార్లోస్ ఘోన్ 1999లో ఐదు ఫ్యాక్టరీలు మూసేస్తామని ప్రకటించాడు. విడిభాగాలిచ్చే కంపెనీల్లో నిస్సాన్ ఏళ్లుగా ఉంచుకున్న వాటాలు చాలావరకు అమ్మించాడు. లోపలివాళ్లకు లెక్కలు రాకకాదు, రేపు మళ్లీ ఆ మొహాలే చూడాలి కదా! ఘోన్‌కు ఆ మొహమాటం లేదు. 2018లో అరెస్టు, ఆపైన దేశం దాటిపోవడం వేరే కథ.

చూసే కన్నూ మారుతుంది. మెయిజీ కాలంలో చదువుకున్నవాళ్లు పాశ్చాత్య విద్య మోజులో ఉంటే, బయటి నుంచి వచ్చిన లఫ్కాడియో హెర్న్ భార్య సెత్సు చేత పాత దెయ్యం కథలు చెప్పించుకున్నాడు. 1904లో 'క్వైదాన్' అనే పుస్తకం వేశాడు. ఇప్పటికీ జపాన్‌వాళ్లు దాన్ని చదువుతారు.

నీ పనిలోనూ అంతే. మీటింగులో టోక్యోవాళ్లు మాట్లాడకుండా ఊరుకుంటే, హైదరాబాద్‌లోని మీ టీము సరేనన్నారనుకుంటుంది. చాలాసార్లు అది అభ్యంతరం. ఆ సంగతి ముందే పసిగట్టి రెండువైపులా చెప్పగలిగేది నువ్వే.

అయితే రెండు జాగ్రత్తలు. ఒకటి, ఈ వెసులుబాటు కలకాలం ఉండదు. జపనీస్ బాగా వచ్చేకొద్దీ నిన్నూ వాళ్ల కొలతతోనే కొలుస్తారు. అడగాల్సినవి మొదటి రోజుల్లోనే అడిగెయ్, పెద్ద విషయమైతే ముందు సీనియర్‌ని విడిగా కలిసి. రెండు, దీన్ని తప్పించుకోవడానికి వాడకు. చెత్త ఏ రోజు ఏది వెయ్యాలో, ఆఫీసుకు ఎన్నింటికి రావాలో తెలియదనకు. విదేశీయులకు ఇల్లు అద్దెకివ్వడానికి అక్కడ కొందరు ఇప్పటికే వెనకాడతారు. నీ నిర్లక్ష్యానికి మూల్యం నీ తర్వాత వచ్చే మనపిల్లలు చెల్లిస్తారు.

ఇంకొక్క మాట. నువ్వడిగిన ప్రశ్న వల్ల పని బాగుపడితే, ఆ పేరు నువ్వొక్కదానివే తీసుకోకు. అడగలేకపోయిన పక్క సీటు కుర్రాడి చేత ఆ మార్పు చేయించు. వచ్చేసారి అతనే నిన్ను వెంటబెట్టుకుని అడగడానికి వెళ్తాడు.

ఇట్లు,
మీ మామయ్య