వృద్ధాప్యంలో వ్యాయామం: ఆరోగ్యం ఒక అమానతు

అల్లాహ్ మనిషిని బలహీన స్థితిలో పుట్టిస్తాడు. ఆ తర్వాత బలాన్ని ఇస్తాడు. చివరికి మళ్ళీ బలహీనతను, నెరిసిన వెంట్రుకలను ఇస్తాడు. సూరా రూమ్ మనకు తెలిపే విషయం ఇది. ముసలితనాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. అయితే వయసు తెచ్చే బలహీనత వేరు, కదలక మెదలక మనం తెచ్చుకునే బలహీనత వేరు. మొదటిది అల్లాహ్ నియమం. రెండవది అమానతు పట్ల అశ్రద్ధ. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజులో గడపదలచిన ఒక సహచరునికి కూడా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) శరీరానికి అతనిపై హక్కు ఉందని గుర్తు చేశారు.

సేవ పేరుతో జరిగే పొరపాటు

వృద్ధులైన తల్లిదండ్రుల ముందు విసుగు మాట కూడా పలకరాదని సూరా బనీ ఇస్రాయీల్ ఆదేశిస్తుంది. ఈ ఆదేశాన్ని శ్రద్ధగా పాటించే ఇళ్ళలోనే ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. "మీరు కూర్చోండి అబ్బాజాన్, నేను తెస్తాను." "దాదీ, మీరు లేవకండి." ఇలా మంచినీళ్ళ గ్లాసు నుండి వజూ నీళ్ళ దాకా అన్నీ మంచం దగ్గరికే వస్తాయి. ఇదంతా ప్రేమే, సందేహం లేదు. కాని కొంతకాలానికి ఆ పెద్దాయన ఎవరైనా చేయి పట్టుకుంటే తప్ప లేవలేని స్థితికి వస్తారు.

కారణం స్పష్టమే. ముప్పై ఏళ్ళు దాటాక ప్రతి పదేళ్ళకు కండరాలు సుమారు 3 నుండి 8 శాతం తగ్గుతాయి. అరవై తర్వాత ఆ తరుగుదల ఇంకా పెరుగుతుంది. వాడని కండ మరీ త్వరగా కరిగిపోతుంది.

"మేము కష్టం చేసినవాళ్ళమే కదా!"

ఆదోని పత్తి మార్కెట్లో బోరాలు మోసినవారు, జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసినవారు ఇలా అంటారు. ఎమ్మిగనూరులో గుంట మగ్గం మీద జీవితం గడిపినవారూ ఇదే మాట అంటారు. 1938లో మాచాని సోమప్ప గారు స్థాపించిన చేనేత సహకార సంఘంతో ఆ ఊరికి పేరు వచ్చింది. ఆ పేరు వెనుక ఎందరి నడుములో వంగాయి. వారి కష్టం గౌరవనీయం. కాని బలం దాచిపెట్టుకునే ధనం కాదు. నలభై ఏళ్ళు మోసిన భుజం కూడా పని ఆగిన కొద్ది నెలల్లోనే నీరసిస్తుంది. పైగా బతుకుతెరువు పని కొన్ని అవయవాలను అరగదీస్తుంది, కొన్నింటిని అసలు కదపదు. వ్యాయామం శరీరమంతటి హక్కు తీరుస్తుంది.

"ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం?" అనే వారికి ఒక ఉదాహరణ. అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో సుమారు 90 ఏళ్ళ వయసున్న పదిమందితో ఎనిమిది వారాలపాటు వైద్యుల పర్యవేక్షణలో కాళ్ళకు బరువుల వ్యాయామం చేయించారు. 1990లో దాని ఫలితాలు వెలువడ్డాయి. చివరిదాకా చేసిన తొమ్మిదిమంది కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది.

నమాజే వ్యాయామం కాదా?

కొందరు ఇలా అడుగుతారు. రుకూ, సజ్దా, ఖఅదాలలో కీళ్ళు కదులుతాయి, అది అల్లాహ్ అనుగ్రహం. కాని నమాజు ఆరాధన. దాని సంకల్పం అల్లాహ్ ప్రసన్నత కోసమే. దాన్ని కసరత్తుగా లెక్కగట్టడం సరికాదు, అది శరీరానికి సరిపోదు కూడా. మసీదుకు వేసే ప్రతి అడుగుకూ పుణ్యం ఉంది. బనూ సలిమా తెగవారు మసీదు దగ్గరికి ఇళ్ళు మార్చుకోవాలనుకుంటే, వారి అడుగులు లిఖించబడుతున్నాయని చెప్పి దైవప్రవక్త (స) వారిని అక్కడే ఉండమన్నారు. అయితే నమాజుకు ప్రశాంతంగా నడిచి రావాలన్నది కూడా ఆయన బోధనే. కాబట్టి వేగపు నడకకు వేరే సమయం కేటాయించుకోవాలి.

ఎంత, ఎలా?

అరవై అయిదు దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంటే రోజుకు 30 నిమిషాల చొప్పున అయిదు రోజులు. నడుస్తూ మాట్లాడగలగాలి, నాత్ మాత్రం పాడలేకపోవాలి. ఆ వేగం చాలు. ఒకేసారి చేయలేనివారు పదేసి నిమిషాలుగా చేసుకోవచ్చు. దీనితోపాటు వారానికి రెండు రోజులు కండరాల బలానికి, మూడు రోజులు తూకం నిలబెట్టుకోవడానికి వ్యాయామం అవసరం.

ఇంట్లోనే చేయదగినవి:

1. గోడకు ఆనించిన గట్టి కుర్చీ మీద నుండి మెల్లగా లేచి, మెల్లగా కూర్చోవడం. అయిదుసార్లతో మొదలుపెట్టి పదికి పెంచాలి.
2. గోడ పట్టుకుని మడమలు పైకెత్తి దించడం.
3. గోడ పక్కనే ఒంటికాలి మీద పది లెక్కపెట్టేవరకు నిలబడడం. తూలే అలవాటున్నవారి పక్కన ఇంకొకరు ఉండాలి.

పడిపోవడం వృద్ధులకు పెద్ద గండం. తుంటి ఎముక విరిగితే మంచం పట్టే ప్రమాదం ఉంది. 2019లో వెలువడిన ఒక సమీక్ష వందకు పైగా పరిశోధనలను పరిశీలించింది. వ్యాయామం చేసే వృద్ధులు పడిపోవడం 23 శాతం తగ్గినట్లు అందులో తేలింది. మసీదు కమిటీలు కూడా వజూఖానాలో జారని రాళ్ళు, పట్టుకోవడానికి ఒక కడ్డీ ఏర్పాటు చేస్తే అదీ పెద్దల సేవే.

మన ప్రాంతపు ఎండలకు ఫజ్ర్ తర్వాత, లేదా అస్ర్ తర్వాత ఎండ తగ్గాక నడవడం మేలు. స్త్రీలు మిద్దె మీద, వాకిట్లో నడవవచ్చు. కోడలో మనవరాలో తోడుంటే మరీ మంచిది. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా పరగడుపున దూరం నడవరాదు. జేబులో నాలుగు ఖర్జూరాలు ఉంచుకోవాలి, చెప్పులు లేకుండా నడవరాదు. గుండెలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం అనిపిస్తే వెంటనే ఆగి వైద్యుణ్ణి కలవాలి.

కుర్చీ విషయం

జబ్బుతో ఉన్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అడిగినప్పుడు దైవప్రవక్త (స) ఆయన్ను నిలబడి నమాజు చేయమన్నారు. వీలుకాకుంటే కూర్చుని, అదీ వీలుకాకుంటే పక్కకు ఒరిగి పడుకుని చేయమన్నారు. ఈ సౌలభ్యం అల్లాహ్ కారుణ్యం. నిజమైన ఇబ్బంది ఉన్నవారు కుర్చీలో కూర్చోవడానికి సిగ్గుపడనక్కరలేదు. ఎవరికి ఏది వర్తిస్తుందో తమ ఆలిమును అడిగి తెలుసుకోవాలి. కాని మోకాలి నొప్పికని నెల రోజులకు తెచ్చుకున్న కుర్చీ, కాళ్ళకు పని చెప్పకపోవడం వల్ల జీవితాంతం ఉండిపోకూడదు. నేలపై నుదురు ఆనించే భాగ్యం చిన్నది కాదు.

కనుక అబ్బాజాన్ చేతిలోని పని లాక్కోకండి. ఆయన పక్కన నడవండి. అదే అసలైన ఖిద్మత్. అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యంతో కూడిన ఆయుష్షును, తమ కాళ్ళపై తాము నిలబడి ఆయనను ఆరాధించే శక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.